తిరుగు టికెట్టు లేని ఓడ

దారులు – మనుషులు: ఏడో భాగం

గుమ్మలక్ష్మీపురం మొదలుకొని గంజాం దాకా పరుచుకున్న ఏజెన్సీ కొండల నుంచి సవరల్నీ కోదుల్నీ అస్సాం తేయాకు తోటలకు తరలించిన సర్దార్ల కథ దగ్గర గత భాగం ఆగింది. తోట దొర డబ్బు ఇస్తాడు. ఆ తోటలోనే కూలీగా పనిచేసే సర్దారు ఆ డబ్బుతో సొంతూరికి వస్తాడు. బయానా చేతిలో పెట్టి, చుట్టాలనూ ఇరుగుపొరుగునూ రైలెక్కించుకుని పోతాడు. టికెట్టు ఎవరు కొన్నారు, ఆ బాకీ ఎప్పటికి తీరింది అన్న ప్రశ్న దగ్గర మనం ఆగాం. ఈసారి అదే ప్రశ్న పట్టుకుని కొండ దిగి సముద్రం దాకా వెళదాం.

ఆ దారి పాతదే. ఉప్పు కొండెక్కేది, చింతపండు, పసుపు, కరక్కాయలు కొండ దిగేవి. బ్రింజారీల ఎద్దుల బిడారులు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా భీమునిపట్నం చేరేవి. తోళ్లు పదును పెట్టడానికి కరక్కాయకు ఐరోపాలో గిరాకీ ఉండేది కనుక అది భీమిలి రేవులో ఓడెక్కి సముద్రాలు దాటేది. కరక్కాయ సీమకు పోయింది గాని, దాన్ని ఏరిన మనిషికి భీమిలి కూడా దూరదేశమే.

పందొమ్మిదో శతాబ్దం సగం దాటేసరికి ఆ రేవుల్లో సరుకుతో పాటు మనుషులు కూడా ఓడెక్కడం మొదలైంది. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, ఏ రేవులో ఎక్కినా ఎక్కువమంది దిగేది ఒకచోటే, రంగూన్. మన ఉత్తరాంధ్ర నోట అది రంగం. ఆ రంగం దారిలో అట్టడుగు నుంచి పైకెక్కిన ఒక కోరంగి మనిషి కథ ఈ భాగం. ఆయన పేరు మల్లాడి సత్యలింగం నాయకరు.

ఒకే శతాబ్దం, ముగ్గురు పేదవాళ్లు

ప్రయాణాన్ని వ్యాపారంగా మార్చినవాళ్లంటే ముందుగా వచ్చే పేరు థామస్ కుక్. 1808లో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో, మెల్బోర్న్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. పదేళ్లకే బడి మాని తోటపనికి కుదిరాడు. రోజుకు ఒక పెన్నీ కూలి. తర్వాత వడ్రంగం నేర్చాడు. బాప్టిస్టు ప్రచారకుడిగా ఊళ్లు పట్టుకుని నడిచాడు. మద్యపానం మాన్పించే ఉద్యమంలో చేరాడు. 1841 జులై 5న ఆ ఉద్యమ సభకే లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు ఐదు వందల మందిని రైల్లో తీసుకెళ్లాడు. రానూ పోనూ కలిపి మనిషికి ఒక షిల్లింగు. 1846లో దివాలా తీశాడు, మళ్లీ లేచాడు. 1851 లండన్ మహాప్రదర్శనకు లక్షన్నర మందిని తీసుకెళ్లాడు. 1872లో బయల్దేరి 222 రోజుల్లో ప్రపంచం చుట్టివచ్చిన జట్టుకు తానే ముందు నడిచాడు; ఆ దారిలో మన దేశమూ ఉంది.

రెండో మనిషి విలియం మెకినన్. 1823లో స్కాట్లండులోని క్యాంబెల్‌టౌన్‌లో సామాన్య కుటుంబంలో పుట్టాడు. కిరాణా వ్యాపారంలో పని నేర్చాడు. 1847లో కలకత్తా చేరి, తన ఊరివాడే అయిన మెకెంజీతో కలిసి వ్యాపారం పెట్టాడు. 1856లో కలకత్తా, రంగూన్ల మధ్య తపాలా మోసే పని దక్కించుకుని స్టీమరు కంపెనీ స్థాపించాడు. అదే 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. మన రేవుల నుంచి రంగం వెళ్లిన కూలీల్లో ఎక్కువమంది ఎక్కింది ఆ కంపెనీ ఓడలే.

మూడోవాడు మన సత్యలింగం నాయకరు. కుక్ రైలు టికెట్లు అమ్మాడు. మెకినన్ ఓడలు నడిపాడు. నాయకరు ఆ ఓడలు రేవు చేరాక వాటిలోకి సరుకెక్కించి దించే మనుషుల్ని సమకూర్చాడు. ఇది ప్రయాణ వ్యాపారం ఎలా అవుతుందని పాఠకులు అడగవచ్చు. రంగం దారిలో ప్రయాణాన్ని పని నుంచి విడదీసి ఎవరూ అమ్మలేదు. పని ఎవరి చేతిలో ఉంటే ప్రయాణమూ వాళ్ల చేతిలోనే ఉండేది. ఆ కీలు తెలియకపోతే నాయకరు ఎదుగుదలా అర్థం కాదు, ఆయన వెనక నడిచిన వేలమంది బతుకూ అర్థం కాదు.

అంతకు ముందు మన దగ్గర దూరప్రయాణం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చాలు. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్లు, చుట్టపక్కాలు కలిసి ఒక చిన్న ఊరే కదిలింది. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగం, సంపన్నులైన మిత్రులు ఉన్నవాడికి అది సాధ్యమైంది. ఆ పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ దాకా నడిచినవాళ్లే. కాని యాత్ర వీరాస్వామిది. బోయీలది పని. పేదవాడు దూరం పోవడమంటే మన చరిత్రలో చాలాకాలం ఇదే, ఇంకొకరి ప్రయాణానికి భుజం పట్టడం.

కోరంగి

గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట, యానాం పక్కన ఉంది కోరంగి. ఇప్పుడు వెళితే మడ అడవి, చెక్కల వంతెన మీద నడిచే పర్యాటకులు కనిపిస్తారు. రెండు వందల ఏళ్ల కిందట అది ఓడలు కట్టే ఊరు. కలకత్తాకూ ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడల్ని డాకులోకి తెచ్చి మరమ్మతు చేయగల రేవుగా దానికి పేరుండేది. ఓడ వడ్రంగులు, కలాసీలు, సరంగులు, పడవవాళ్లు, వలవాళ్లు, ఊరంతా నీటి మీద బతికేవాళ్లే.

ఆ నీరే ఊరిని ముంచింది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన కోరంగిని ఊడ్చిపెట్టింది. గాలివానలకు సైక్లోన్ అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ తన రచనల్లో 1789 నాటి కోరంగి విపత్తును వర్ణించాడు. మిగిలిన నష్టం నది చేసింది. గౌతమి తెచ్చే ఒండ్రు రేవును ఏటేటా పూడ్చేసింది. లోతు తగ్గేకొద్దీ ఓడలు కాకినాడ వైపు మళ్లాయి. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా పొలాలు కళకళలాడుతున్నాయి. ఆ పంట బయటికి పోయే రేవుగా కాకినాడ పెరుగుతుంటే కోరంగి కరిగిపోసాగింది.

సత్యలింగం నాయకరు పుట్టింది ఆ కరిగిపోతున్న కోరంగిలో, సముద్రాన్ని నమ్ముకున్న అగ్నికుల క్షత్రియ కులంలో, పేద ఇంట్లో. రేవు పోయిన ఊళ్లో ఓడపని తెలిసినవాడికి మిగిలే దారి ఒకటే, ఓడలున్న చోటికి పోవడం. ఆ రోజుల్లో ఓడలన్నీ రంగానికి పోతున్నాయి.

రంగం పిలిచింది

1852 యుద్ధంతో రంగూనూ దిగువ బర్మా అంతా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. ఐరావతి డెల్టాలో అడవి నరికి వరి వేశారు. కొద్ది దశాబ్దాల్లోనే బర్మా ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశమైంది. పొలం బర్మా రైతుది. పెట్టుబడి చాలావరకు తమిళ చెట్టియార్లది. మిల్లులు, ఓడలు ఎక్కువగా తెల్లవాళ్లవి. ఆ ధాన్యాన్ని మిల్లులో ఆడించి, బస్తాకెత్తి, వీపున మోసి ఓడలో పేర్చే మనుషులు కావాలి. ఆ పని తెలుగువాళ్ల మీద పడింది.

ఇటు మన తీరంలో పిలుపు అందుకోవడానికి ఆకలి సిద్ధంగా ఉంది. 1866లో గంజాం కరువు, 1876–78లో మద్రాసు రాజధానిని కాల్చిన మహాకరువు, 1896–97లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో మళ్లీ కరువు. వీటి నడుమ జమీందారీ శిస్తులు, వడ్డీ వ్యాపారుల బాకీలు ఉండనే ఉన్నాయి. భూమి లేనివాడికి గోదావరి డెల్టా కోతల కూలి ఒక దారి, రంగం ఇంకో దారి. కొండ మీదివాడికి అస్సాం, తీరం మీదివాడికి బర్మా, ఇలా ఒకే విశాఖపట్నం జిల్లా రెండు దిక్కులకు మనుషుల్ని పంపింది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. అందులో తెలుగువాళ్లు లక్షన్నరకు పైమాటే. రంగూన్ నగరం జనాభా సుమారు నాలుగు లక్షలైతే అందులో సగానికి మించి భారతీయులు. రేవులో బస్తాలు మోసేవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్లలో, రిక్షాలు లాగేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఇంగ్లీషు దొరలు శ్రీకాకుళం మనిషినైనా, విశాఖ మనిషినైనా, కాకినాడ మనిషినైనా కోరంగీ అనే పిలిచేవాళ్లు. రేవు పూడిపోయినా ఊరి పేరు మాత్రం సముద్రం అవతల అలా బతికింది.

మేస్త్రీ లెక్క

ఓడ ఎక్కాలంటే చేతిలో చార్జీ డబ్బులుండాలి. కరువు ఊళ్లో అవి ఎవరి దగ్గర ఉంటాయి? మేస్త్రీ ముందుకొచ్చేది ఇక్కడే.

మేస్త్రీ పరాయివాడు కాదు. నాలుగేళ్ల కిందట అదే ఊరి నుంచి కూలీగా పోయినవాడే. పంటలయ్యాక మంచి బట్ట కట్టి ఊళ్లో దిగుతాడు. ఎవరింట్లో బాకీ ఉందో, ఎవరికి ఆడపిల్ల పెళ్లి ఉందో, ఎవరి అన్నదమ్ములు భూమి దగ్గర కొట్టుకుంటున్నారో అతనికి తెలుసు. బయానా ఇస్తాడు. కొంత ఇంటి అప్పుకు, కొంత ఇంట్లో తిండికి, మిగిలింది ఓడ చార్జీకి. ఒక కాగితం మీద వేలిముద్ర పడుతుంది. రేవు దాకా బండి, రేవులో బస, దారి తిండి అన్నీ మేస్త్రీయే చూస్తాడు. అస్సాం సర్దారును చూసిన పాఠకులకు ఈ ముఖం కొత్త కాదు.

మేస్త్రీకి ఆ డబ్బు ఎక్కడిది? పై మేస్త్రీ ఇస్తాడు. పై మేస్త్రీకి లేబరు కాంట్రాక్టరు, కాంట్రాక్టరుకు ఓడల్లో సరుకెక్కించి దించే స్టీవ్‌డోరు కంపెనీయో మిల్లు యజమానో సర్దుతారు. కొన్నిచోట్ల చెట్టియారు వడ్డీకి పెడతాడు. డబ్బు పై నుంచి కిందికి ఇలా మెట్టు మెట్టుగా దిగుతుంది. పని చేశాక కూలి కూడా అదే మెట్ల మీదుగా దిగుతుంది. ఓడ కంపెనీ సరుకు టన్నుకింతని స్టీవ్‌డోరుకు చెల్లిస్తుంది. స్టీవ్‌డోరు తన భాగం ఉంచుకుని మేస్త్రీకి జట్టు లెక్కన ఇస్తాడు. మేస్త్రీ తన భాగమూ, బయానా కిస్తీ, తిండి ఖర్చు, బస ఖర్చు కోసుకుని మిగిలింది కూలీ చేతిలో పెడతాడు. ప్రతి మెట్టు మీదా కొంత తరుగు పోతుంది. అట్టడుగు మెట్టు మీదివాడికి తన కూలి అసలెంతో కూడా తెలియకపోవడం మామూలు.

బాకీ ఉండగా పని మానేస్తే? 1859లో చేసిన పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం ఉంది. బయానా తీసుకుని పని ఎగ్గొట్టినవాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవచ్చు. పని చేయమనో డబ్బు కట్టమనో ఉత్తర్వు ఇప్పించవచ్చు. వినకపోతే మూడు నెలల దాకా జైలు. అప్పు ఎగ్గొట్టిన షావుకారు సివిల్ కోర్టుకు పోయేవాడు. బయానా ఎగ్గొట్టిన కూలీకి మాత్రం జైలు. ఈ చట్టాన్ని రద్దు చేయడానికి 1925 దాకా పట్టింది.

ఇక్కడే కుక్ షిల్లింగును గుర్తు చేసుకోవాలి. అతను అమ్మిన టికెట్టులో తిరుగు ప్రయాణం కూడా ఉంది. సాయంత్రానికి లెస్టర్ చేరతామన్న భరోసా ఆ షిల్లింగులోనే ఉంది. మేస్త్రీ కొనిచ్చిన టికెట్టు ఒకవైపుదే. రెండో వైపు టికెట్టు బాకీ తీరాకే. కొందరికి రెండు మూడేళ్లకు తీరింది. వాళ్లు చేతిలో నాలుగు డబ్బులతో ఊరికి వచ్చి అరెకరం కొన్నారు, పెంకుటిల్లు కట్టారు, రంగం పోయొచ్చిన మనిషని పేరు తెచ్చుకున్నారు. కొందరికి తీరలేదు. కొందరు అక్కడే పెళ్లాడి ఉండిపోయారు. ఊళ్లో కనిపించేది తిరిగి వచ్చినవాడే కాబట్టి, మేస్త్రీ మరుసటి ఏడు మళ్లీ వచ్చినప్పుడు బయానాకు చెయ్యి చాచేవాళ్లకు కొదవ ఉండేది కాదు.

మేస్త్రీని రాక్షసుడిగా చూపి వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. భాష రాని దేశంలో జబ్బు చేస్తే మందిప్పించేదీ, చనిపోతే కట్టెలు పేర్పించేదీ, ఊరికి కబురు పంపేదీ అతనే. దోచుకునేదీ ఆదుకునేదీ ఒకే చెయ్యి. అందుకే ఆ పద్ధతి అంతకాలం నిలిచింది.

డెక్కు మీద

ఆ రోజుల్లో కాకినాడలో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు. లోతు చాలక దూరంగా లంగరు వేసేది. మూటాముల్లెతో పడవెక్కి, అలల మీద ఊగుతూ వెళ్లి, ఓడ పక్కన నిచ్చెన పట్టుకుని పైకెక్కాలి. సముద్రం ఎన్నడూ చూడని మెట్టప్రాంతం మనిషికి మొదటి పరీక్ష అదే. పైకెక్కాక చోటంటే డెక్కు మీద చాప పరుచుకున్నంత. ఓడ తీరం వెంట ఒక్కో రేవులో ఆగుతూ మనుషుల్ని ఎక్కించుకుని, తర్వాత బంగాళాఖాతానికి అడ్డంగా రంగూన్‌కు తిరుగుతుంది. ఎండ, వాన, వాంతులు, నీళ్ల కోసం వరసలు, చాలీచాలని మరుగుదొడ్లు.

1915లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చిన గాంధీ, మిత్రుడు ప్రాణజీవన్ మెహతాను చూడటానికి కలకత్తా నుంచి రంగూన్ వెళ్లాడు. కావాలనే డెక్కు టికెట్టు కొన్నాడు. స్నానాల గది, మరుగుదొడ్ల రోత చూసి ఓడ అధికారికి చెప్పుకున్నా లాభం లేకపోయిందని ఆత్మకథలో రాసుకున్నాడు. బారిస్టరు గోడు రికార్డయింది. అంతకు ముందు అర్ధశతాబ్దం నుంచీ అదే డెక్కు మీద పోతున్న మనవాళ్ల గోడు ఎక్కడా నమోదు కాలేదు.

ఈ డెక్కే కంపెనీకి అక్షయపాత్ర. గదులు కట్టనక్కర్లేదు, మంచాలు వేయనక్కర్లేదు. పోయేటప్పుడు కూలీలు, వచ్చేటప్పుడు బియ్యం. రెండు వైపులా ఖాళీ లేని దారి ఏ ఓడ వ్యాపారికైనా కల. కిరాణా కొట్లో పని నేర్చిన మెకినన్ చనిపోయే నాటికి బారోనెట్ బిరుదు పొందిన ఓడల రాజు. ఆ సంపదలో మన డెక్కు ప్రయాణికుల చార్జీ కూడా ఉంది.

మెట్లెక్కినవాడు

ఈ మెట్ల అడుగున కూలీగా అడుగుపెట్టి పైమెట్టు మీద స్టీవ్‌డోరు కాంట్రాక్టరుగా నిలిచినవాడు సత్యలింగం నాయకరు. ఎంత అరుదైన సంగతో తెలియాలంటే ఆ పని ఏమిటో చూడాలి.

స్టీవ్‌డోరు పని అంటే బస్తాలు మోయించడం ఒక్కటే కాదు. ఓడ రేవులో ఉన్న ప్రతి రోజూ యజమానికి నష్టమే. కెప్టెనుకు కావలసింది తొందర. అదే సమయంలో సరుకు తప్పుగా పేరిస్తే ఓడ నడిసముద్రంలో ఒరుగుతుంది. బరువు ఎక్కడ వేయాలి, ఏ రేవులో దిగే సరుకు పైన ఉండాలి, బియ్యం వేడెక్కకుండా గాలి ఎలా ఆడాలి, ఇవన్నీ తెలియాలి. విశాఖ నుంచి వచ్చిన జట్టునూ కాకినాడ నుంచి వచ్చిన జట్టునూ కలిపి నడపాలి. ఓడ వచ్చిందని అర్ధరాత్రి కబురొస్తే తెల్లారేసరికి కావలసినంత మంది రేవులో ఉండాలి. తెల్ల కంపెనీలతో రేటు మాట్లాడాలి. కింద మేస్త్రీలకు ముందే డబ్బు సర్దాలి, అంటే అప్పు పుట్టాలి. అప్పు పుట్టాలంటే మాటకు విలువ ఉండాలి.

ఓడలు కట్టిన ఊళ్లో పుట్టినవాడికి ఓడ పొట్ట ఎలా ఉంటుందో పాఠం చెప్పనక్కర్లేదు. మనుషుల్ని సమకూర్చడానికి వెనక కోరంగి తీరమంతా ఉంది. నాయకరుకు పెట్టుబడిగా ఉన్నవి ఈ రెండే. తెల్ల కంపెనీలకు ఓడలు, లైసెన్సులు, బ్యాంకులు ఉన్నాయి గాని బోట్‌క్లబ్బులో కూర్చుని నూరుమంది తెలుగు కూలీలను రాత్రికి రాత్రి రేవుకు రప్పించగల శక్తి లేదు. ఆ ఖాళీలోనే నాయకరు లాంటివాళ్లు ఎదిగారు. రంగంలో లక్షలు గడించి, కోరంగి నుంచి పోయిన పేదవాడు ఆ తీరంలోనే పేరుమోసిన ధనవంతుడయ్యాడు.

ఆ లక్షలు ఎక్కడివని అడగకుండా ఉండలేం. పైన చెప్పిన మెట్ల లెక్కే ఆ వ్యాపారానికి పునాది. టన్ను రేటుకూ కూలీ చేతికి అందినదానికీ మధ్య ఉన్న తేడాయే ఏ స్టీవ్‌డోరుకైనా లాభం. దాన్ని దాచి నాయకరుకు హారతి పట్టడం ఎంత అన్యాయమో, వందేళ్ల తర్వాతి కొలతతో ఆయనొక్కణ్ణే బోనెక్కించడమూ అంతే అన్యాయం. ఆయన తన తరానికి కనిపించిన ఒకే ఒక నిచ్చెన ఎక్కాడు. ఎక్కాక ఏం చేశాడన్నది ఆయన చేతిలో ఉన్న సంగతి.

వీలునామా

1912లో నాయకరు వీలునామా రాశారు. రంగంలో గడించిన ఆస్తిని చదువులకూ ధర్మకార్యాలకూ రాసిచ్చారు. ఎం.ఎస్.ఎన్. చారిటీస్ పుట్టింది ఆ వీలునామా నుంచే. కాకినాడ జగన్నాథపురంలో ఆ ధర్మసంస్థ పేరు తెలియనివాళ్లు అరుదు. పేద పిల్లల బడి, ఆపైన కళాశాల, మరికొన్నాళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం కాకినాడలో పెట్టిన పీజీ కేంద్రం, ఇవన్నీ ఆయన పేరుతో ముడిపడినవే. ఆ కేంద్రం ఇప్పుడు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందకు వచ్చినా ఎం.ఎస్.ఎన్. క్యాంపస్ అన్న పేరు పోలేదు.

రంగం డబ్బుతో మేడలు కట్టినవాళ్లు, భూములు కొన్నవాళ్లు మన తీరంలో ఎందరో. నాయకరు ఆ డబ్బును బడిగా మార్చారు. కూలీ కొడుకు బయానా కాగితం మీద వేలిముద్ర వేయకుండా, దాన్ని చదివి, కూడిక తప్పుందని మేస్త్రీని నిలదీయగలగాలంటే కావలసింది అదే. ఆయన మనసులో ఇదే ఉందని మనం అనుకోనక్కర్లేదు. ఆ బడి చేసిన పని మాత్రం ఇదే.

నిచ్చెన విరిగిన రోజు

నాయకరు వీలునామా రాసిన పద్దెనిమిదేళ్లకు మేస్త్రీ పద్ధతి లోపలి కుళ్లు బయటపడింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. రోజు కూలి రూపాయిన్నర నుంచి రెండు రూపాయలు చేయమని అడిగారు. స్టీవ్‌డోరు కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను దించాయి. కొన్నాళ్లకు రాజీ కుదిరింది. తెలుగువాళ్లు పనికి తిరిగి రాగానే, పని వదిలి పొమ్మని బర్మా కూలీలతో చెప్పారు. మే 26న రేవులో మాట పెరిగి కొట్లాటయింది. కొట్లాట ఊచకోతగా మారి నగరమంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. వేలమంది దొరికిన చోట తలదాచుకున్నారు.

ఇద్దరు పేదవాళ్లను ఒకే పనికి ఎదురెదురుగా నిలబెట్టింది కంపెనీల లెక్క. కత్తులు దూసుకున్నది మాత్రం ఆ ఇద్దరు పేదవాళ్లే. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1941లో వలసలకు పగ్గాలు వేస్తూ రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. అది అమలయ్యేలోపే డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. బాంబులు పడిన చోట్లలో మన కూలీలు కిక్కిరిసి ఉన్న రేవూ ఉంది. ఎనభై ఏళ్లు మనుషుల్ని మోసిన ఓడలు, అందరూ ఒక్కసారి తిరిగి రావలసి వచ్చినప్పుడు చాలలేదు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకు చోటు దొరికింది. మిగిలినవాళ్లు నడిచారు.

1960 దశకంలో నె విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మనవాళ్లు ఇంకో విడత తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే. చూస్తే రంగం కూలీలకు తిరుగు టికెట్టు కొనిచ్చినవాళ్లలో మేస్త్రీ లేడు, స్టీవ్‌డోరు లేడు, ఓడ కంపెనీ లేదు. మొదటిసారి యుద్ధం తరిమింది, రెండోసారి ప్రభుత్వం పంపింది.

కొండ దగ్గర ఇప్పుడు

గుమ్మలక్ష్మీపురం నుంచి పార్వతీపురం, అక్కడి నుంచి రైల్లోనో ప్రైవేటు బస్సులోనో విజయవాడ, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కట్టడాల పనికి, ఇటుక బట్టీలకు పోయేవాళ్ల దారి ఇప్పుడిది. మేస్త్రీ అన్న మాట పోలేదు, అడ్వాన్సు పోలేదు. 1859 చట్టం పోయింది. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఆ 1979 చట్టంలో ఒక నిబంధన ఉండేది. వలస కూలీకి ఇంటి నుంచి పనిచోటికి, పనిచోటు నుంచి ఇంటికి, రెండు వైపులా ప్రయాణ ఖర్చు కాంట్రాక్టరే భరించాలన్నది ఆ నిబంధన. థామస్ కుక్ 1841లో ఒక షిల్లింగుకు అమ్మింది మన కూలీకి హక్కుగా కాగితం మీదికెక్కడానికి 138 ఏళ్లు పట్టింది. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారుల వెంట నడిచిన జనాన్ని చూసినవాళ్లకు, ఆ కాగితం ఎంత దూరం పనిచేసిందో వేరే చెప్పనక్కర్లేదు.

పేదరికం నుంచి లేచి ప్రయాణాన్ని వ్యాపారం చేసినవాళ్ల కథలు మనకు ఇష్టం. ఇష్టపడటంలో తప్పు లేదు; కోరంగి కుర్రాడు రంగూన్ రేవును శాసించడం చిన్న సంగతి కాదు. ఆ కథ విన్నప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. అతను అమ్మిన టికెట్టులో తిరుగు ప్రయాణం ఉందా? ఆ వ్యాపారి గొప్పవాడో కాదో తేల్చే కొలత అది. సత్యలింగం నాయకరు తన జీవితకాలంలో ఆ టికెట్టు ఇవ్వలేకపోయారు. వీలునామాలో పెట్టిన బడి మాత్రం ఊరు విడిచిపోనక్కర్లేని చదువును కొందరి పిల్లలకైనా ఇచ్చింది.

(వచ్చే భాగంలో: 1942లో రంగూన్ నుంచి అరకాన్, మణిపూర్ అడవుల గుండా నడిచొచ్చిన తెలుగువాళ్ల దారి)